కృష్ణబిలం కనిపించదు సరే, మరి స్పేస్ టెలిస్కోపులు కొలిచేది దేన్ని?

మీరు అడిగింది ఇది: కృష్ణబిలం నుంచి వెలుతురే బయటికి రాదు కదా, అలాంటప్పుడు హబుల్, చంద్ర, జేమ్స్ వెబ్ గెలాక్సీ మధ్యలోకి చూసి "ఇక్కడ ఇన్ని కోట్ల సూర్యులంత ద్రవ్యరాశి ఉంది" అని ఎలా చెప్పగలుగుతున్నాయి, పైగా కృష్ణబిలం ఫొటో తీసింది నేలమీది టెలిస్కోపులే అయినప్పుడు ఇంత ఖర్చుపెట్టి అంతరిక్షానికి వెళ్లడం దేనికి అని. చాలా ఏళ్లుగా ఈ డేటాతోనే పనిచేస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. ముందుగా ఒక మాట, పత్రికల్లో వచ్చే రంగురంగుల ఫొటోలను కాసేపు పక్కన పెట్టండి. వాటిని చూసి ఎవరూ కృష్ణబిలాన్ని తూచలేదు. తూచింది స్పెక్ట్రంతో, అంటే వెలుతురును రంగులుగా విడగొట్టి చూసినప్పుడు కనిపించే గీతలతో.

లెక్క మాత్రం చాలా పాతది, తేలికైనది. ఒకదాని చుట్టూ ఏదైనా తిరుగుతోందంటే, ఎంత దూరంలో ఎంత వేగంతో తిరుగుతోందో తెలిస్తే చాలు, మధ్యలో ఎంత ద్రవ్యరాశి ఉందో తేలిపోతుంది. వేగాన్ని వర్గం చేసి, దూరంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించాలి, అంతే. దూరం ఫొటోలో కొలవొచ్చు. వేగం మాత్రం స్పెక్ట్రంలోనే దొరుకుతుంది. మనవైపు వస్తున్న వాయువు గీత నీలం వైపు జరుగుతుంది, దూరంగా పోతున్నదాని గీత ఎరుపు వైపు జరుగుతుంది. హైడ్రోజన్ ఎర్ర గీత 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, వాయువు సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ గీత ఒక నానోమీటరు కంటే కాస్త ఎక్కువ జరుగుతుంది. చిన్న జరుగుడే, కానీ మంచి స్పెక్ట్రోగ్రాఫ్‌కు అది చాలా పెద్దది.

1994లో హబుల్ ఎం87 గెలాక్సీ మీద చేసింది సరిగ్గా ఇదే. 1990లో పంపినప్పుడు దాని అద్దంలో లోపం ఉండడం, 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి సరిచేయడం అందరికీ తెలిసిన కథే. సరిచేసిన కొద్ది నెలలకే ఎం87 మధ్యలో ఒక వాయు పళ్లెం కనిపించింది, దాని రెండు పక్కలా, కేంద్రానికి దాదాపు 60 కాంతి సంవత్సరాల దూరంలో వేగాలు కొలిచారు. ఒక పక్క సెకనుకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, రెండో పక్క అంతే వేగంతో పోతోంది. ఈ అంకెలను పై సూత్రంలో వేస్తే వంద కోట్ల సూర్యులు వస్తాయి. అయితే పళ్లెం మనకు ఏటవాలుగా ఉంది, మనకు అందేది వేగంలో ఒక భాగమే, ఆ వాలును సరిచేస్తే అది 240 కోట్లు అయింది. అన్ని నక్షత్రాలు అంత చిన్న చోట ఉంటే ఆ ప్రదేశం మనకు కనిపించిన దానికంటే ఎన్నో రెట్లు వెలిగిపోవాలి. అక్కడ అంత వెలుతురు లేదు.

ఇక్కడ చాలామంది దాటిపోయే సంగతి ఒకటుంది, నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి ఇదే కీలకం. కృష్ణబిలం ద్రవ్యరాశి అని ఎక్కడ అంకె చదివినా, దాని వెనక "ఎంత దూరం లోపల" అనే ఇంకో అంకె ఉంటుంది. మొదటి అంకె వార్తల్లోకి వస్తుంది, రెండోది రాదు. ఎం87 కృష్ణబిలం అంచు, అంటే ఈవెంట్ హొరైజన్ వ్యాసార్థం, సుమారు 1,900 కోట్ల కిలోమీటర్లు. హబుల్ కొలిచిన 60 కాంతి సంవత్సరాలు దానికి దాదాపు 30 వేల రెట్లు. అంటే 1994లో హబుల్ తేల్చింది "60 కాంతి సంవత్సరాల లోపల వెలుగివ్వని ద్రవ్యరాశి భారీగా ఉంది" అన్నంతవరకే. అది కృష్ణబిలమే అనడానికి ఇంకా లోపలికి వెళ్లాలి. చనిపోయిన నక్షత్రాల గుంపు కావొచ్చు కదా అన్న అనుమానం అప్పట్లో చాలా న్యాయమైన అనుమానం.

ఆ అనుమానాన్ని తీర్చినవి రెండు, రెండూ నేలమీది నుంచే. ఎన్‌జీసీ 4258 అనే గెలాక్సీ మధ్యలో నీటి ఆవిరి అణువులు రేడియో తరంగాల్లో మేజర్లుగా, అంటే లేజర్ లాంటి రేడియో వెలుగులుగా మెరుస్తాయి. 1995లో రేడియో టెలిస్కోపుల వరుసతో వాటిని కొలిస్తే, కేంద్రానికి అర కాంతి సంవత్సరం కంటే దగ్గర్లో సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో, సౌరకుటుంబంలో గ్రహాలు తిరిగే నియమమే పాటిస్తూ తిరుగుతున్నాయి. లోపల దాదాపు 4 కోట్ల సూర్యులంత ద్రవ్యరాశి. రెండోది మన పాలపుంత. ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్లకొకసారి కేంద్రాన్ని చుట్టివస్తుంది, 2018 మే నెలలో అది సుమారు 1,800 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చి సెకనుకు 7,600 కిలోమీటర్లకు పైగా వేగంతో మళ్లిపోయింది. లోపల ఉన్నది 43 లక్షల సూర్యులంత. ఇంత చిన్నచోట ఇంత ద్రవ్యరాశిని నక్షత్రాల గుంపుగా ఎక్కువ కాలం నిలిపే మార్గం లేదు, అవి ఒకదాన్నొకటి గుద్దుకుని, విసిరేసుకుని ఎప్పుడో చెదిరిపోవాలి. ఈ పనికే, ఆ నక్షత్రాలను ఏళ్ల తరబడి గమనించిన బృందాల నాయకులు గెంజెల్, గెజ్‌లకు 2020లో నోబెల్ వచ్చింది.

మరి నేలమీదే ఇంత జరిగితే అంతరిక్షం దేనికి? రెండు కారణాలు, వాటిలో ఒకటి కాలంతోపాటు కొంత బలహీనపడింది, రెండోది ఎప్పటికీ అలాగే ఉంటుంది.

మొదటిది పదును, అంటే దగ్గరదగ్గరగా ఉన్న వివరాలను విడివిడిగా చూడగలగడం. గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, కదులుతున్న నీళ్ల అడుగున ఉన్న నాణేన్ని చూసినట్టు నక్షత్రం అలుక్కుపోయి కనిపిస్తుంది. మంచి కొండమీద కూడా ఆ అలుకుడు అర ఆర్క్ సెకను నుంచి ఒక ఆర్క్ సెకను (కోణంలో ఒక డిగ్రీలో 3,600వ వంతు) దాకా ఉంటుంది. ఎం87 మన నుంచి దాదాపు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అక్కడ ఒక ఆర్క్ సెకను అంటే సుమారు 260 కాంతి సంవత్సరాలు. అంత మేరలో వేగంగా వచ్చే వాయువు, వేగంగా పోయే వాయువు, కృష్ణబిలంతో సంబంధమే లేని వేల నక్షత్రాలు అన్నీ ఒకే మచ్చలో కలిసిపోతాయి. హబుల్‌కు దృశ్యకాంతిలో 0.05 ఆర్క్ సెకన్ల పదును ఉంది. ప్రతి గెలాక్సీలోనూ కృష్ణబిలం గురుత్వాకర్షణ చుట్టూ ఉన్న నక్షత్రాల గురుత్వాకర్షణ కంటే బలంగా పనిచేసే ఒక చిన్న ప్రాంతం ఉంటుంది, దాన్ని ప్రభావ పరిధి అంటాం. టెలిస్కోప్ పదును ఆ పరిధి కంటే సన్నగా ఉంటేనే కొలతకు విలువ. లేకపోతే మనం గెలాక్సీని తూచి కృష్ణబిలాన్ని తూచామనుకుంటాం. ఆ తర్వాత గాలి అలుకుడును క్షణక్షణం సరిచేసే అడాప్టివ్ ఆప్టిక్స్ వచ్చింది, దాంతో 8, 10 మీటర్ల అద్దాలున్న నేలమీది టెలిస్కోపులు పరారుణంలో హబుల్‌కు దీటుగా, చాలాచోట్ల మెరుగ్గా పనిచేస్తున్నాయి. ఎస్2 కక్ష్య అలాగే దొరికింది.

రెండో కారణం వాతావరణం మింగేసే వెలుతురు. ఎక్స్ కిరణాలు నేలకు చేరవు. అతినీలలోహితం చాలావరకు చేరదు. పరారుణంలో కొన్ని కిటికీలే తెరిచి ఉంటాయి, పైగా వెచ్చటి ఆకాశం, వెచ్చటి టెలిస్కోప్ రెండూ అదే తరంగదైర్ఘ్యాల్లో వెలుగుతుంటాయి. ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ రాసినా నేలకు చేరని ఫోటాన్‌ను, అంటే వెలుతురు కణాన్ని, తెచ్చుకోలేం.

ఇక ఆ ఫొటో సంగతి. 2019లో విడుదలైన ఎం87 వలయం, 2022లో విడుదలైన మన పాలపుంత కేంద్రం వలయం, రెండూ భూమి అంతటా ఉన్న రేడియో టెలిస్కోపులను కలిపి చేసినవి. ఎం87 వలయం వెడల్పు 42 మైక్రో ఆర్క్ సెకన్లు, మైక్రో అంటే పది లక్షల వంతు. హబుల్ చూడగల అతి సన్నని వివరం దానికి వెయ్యి రెట్లకు పైగా పెద్దది. హబుల్ ఆ ఫొటోను ఎప్పటికీ తీయగలిగేది కాదు, తీయాలని ఎవరూ అనుకోలేదు కూడా. ఒకటి కృష్ణబిలం గడప దగ్గర చూస్తుంది, ఇంకొకటి దాని పరిసరాలను చూస్తుంది, ఒకదానికొకటి పోటీ కాదు.

హబుల్ అసలు సత్తా 1997 ఫిబ్రవరిలో స్టిస్ అనే స్పెక్ట్రోగ్రాఫ్‌ను అమర్చాక బయటపడింది. అంతకుముందు ఒక్కో చుక్క దగ్గర ఆగి వేగం కొలవాల్సి వచ్చేది. స్టిస్‌లో సన్నని పొడవాటి చీలిక ఉంటుంది, దాన్ని గెలాక్సీ కేంద్రం మీదుగా అడ్డంగా పెడితే ఆ గీత పొడవునా ప్రతి చోటి స్పెక్ట్రం ఒకేసారి వస్తుంది. ఎం84 గెలాక్సీ మీద పెట్టినప్పుడు వచ్చిన చిత్రాన్ని నేను ఇప్పటికీ కొత్తవాళ్లకు మొదట చూపిస్తాను. నిలువుగా నిటారుగా సాగాల్సిన వాయువు గీత, కేంద్రం దగ్గరికి రాగానే ఒక్కసారిగా ఒక పక్కకు ఒంగి, వెంటనే రెండో పక్కకు తిరిగి, మళ్లీ మధ్యకు వస్తుంది. కేంద్రానికి 26 కాంతి సంవత్సరాల లోపల సెకనుకు 400 కిలోమీటర్ల వేగం, లోపల కనీసం 30 కోట్ల సూర్యులు. దాన్ని అర్థం చేసుకోవడానికి గణితం కూడా అక్కర్లేదు, ఆ వంపు ఎంత నిటారుగా ఉంటే మధ్యలో ద్రవ్యరాశి అంత చిన్నచోట పోగుపడి ఉన్నట్టు.

ఇలా డజన్ల కొద్దీ గెలాక్సీలను కొలిచాక 2000లో రెండు బృందాలు విడివిడిగా ఒకే సంగతి చెప్పాయి. గెలాక్సీ నడిమి ఉబ్బులోని నక్షత్రాలు ఎంత వేగంగా అటూ ఇటూ తిరుగుతున్నాయో చూస్తే, మధ్యలో కృష్ణబిలం ఎంత పెద్దదో దాదాపు చెప్పేయొచ్చు. ఆ నక్షత్రాల్లో చాలావాటికి కృష్ణబిలం గురుత్వాకర్షణ తగలనే తగలదు, అంత దూరంలో ఉంటాయి. అయినా రెండూ కలిసి పెరిగినట్టు లెక్క కుదురుతోంది. కృష్ణబిలంలోకి పడే పదార్థం వెదజల్లే శక్తి గెలాక్సీలోని వాయువును వేడిచేసి, తరిమేసి, కొత్త నక్షత్రాలు పుట్టకుండా ఆపుతుందన్నది ఎక్కువమంది నమ్మే వివరణ. పెర్సియస్ గెలాక్సీల గుంపు మధ్యలో చంద్ర టెలిస్కోప్ చూపిన పెద్ద పెద్ద బుడగలు, వాటి చుట్టూ వ్యాపించిన అలలు, ఈ తరిమేయడానికి కళ్లముందున్న సాక్ష్యం.

ఇప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసే విషయానికి వస్తాను. ఎం87 ద్రవ్యరాశి. 2011లో నక్షత్రాల కదలికతో లెక్కిస్తే 660 కోట్ల సూర్యులు వచ్చింది. 2013లో స్టిస్ డేటాతోనే, వాయువు కదలికతో లెక్కిస్తే 350 కోట్లు వచ్చింది. రెండూ జాగ్రత్తగా చేసిన పనులే, రెండింట్లోనూ తప్పుల అంచనాలు చిన్నవే, అయినా దాదాపు రెండింతల తేడా. 2019లో వలయం పరిమాణం నుంచి 650 కోట్లు తేలడంతో నక్షత్రాల వైపు మొగ్గింది. ఎందుకంటే వాయువును నమ్మడం కష్టం. గురుత్వాకర్షణ ఒక్కటే దాన్ని కదిలించదు, జెట్ (కేంద్రం నుంచి దూసుకొచ్చే పదార్థపు ధార) తోస్తుంది, పీడనం తోస్తుంది, అది గుండ్రటి కక్ష్యల్లో చక్కగా తిరుగుతోందనేది మనం పెట్టుకున్న ఊహ. పళ్లెం వాలు కొన్ని డిగ్రీలు తప్పితే జవాబు మారిపోతుంది. నక్షత్రాలు అలా కాదు, వాటిని తోసేవాళ్లు లేరు, గురుత్వాకర్షణ మాటే వింటాయి. కాకపోతే ఒక్కో నక్షత్రం విడిగా కనిపించదు, వేలాది కక్ష్యలను కంప్యూటర్‌లో కలిపి, వచ్చే వెలుతురు గెలాక్సీతో సరిపోయేదాకా సర్దాలి, దానికి బోలెడు డేటా, బోలెడు సమయం. నన్నడిగితే, రెండు పద్ధతులతో తూచని ద్రవ్యరాశిని పెన్సిల్‌తో రాసుకోవాలి, పెన్నుతో కాదు.

ఎక్స్-రే టెలిస్కోపుల పని పూర్తిగా వేరు. 1999 జులైలో వెళ్లిన చంద్రకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే పెట్టారు. అది ఒక్కో ఫోటాన్‌ను విడిగా పట్టి, ఎప్పుడు వచ్చింది, ఎక్కడ పడింది, ఎంత శక్తితో వచ్చింది అని పట్టికలో రాస్తుంది. ఆ "ఎప్పుడు" అన్నది చాలా విలువైనది. 2000 అక్టోబర్‌లో మన పాలపుంత కేంద్రం ఎక్స్ కిరణాల్లో ఉన్నట్టుండి మామూలుకంటే పదుల రెట్లు వెలిగింది, ఆ వెలుగులో ఒక దశలో పది నిమిషాల్లోనే అయిదు రెట్లు పడిపోయింది. ఏ వస్తువైనా తన వెడల్పును కాంతి దాటే సమయం కంటే త్వరగా అంతలా మారడం కుదరదు. పది నిమిషాల్లో కాంతి 18 కోట్ల కిలోమీటర్లు పోతుంది, అంటే ఆ వెలుగు వచ్చిన చోటు సుమారుగా అంతకంటే చిన్నది. 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో భూమి, సూర్యుల మధ్య దూరానికి కాస్త అటూ ఇటుగా ఉన్న మేరను గడియారంతో కొలిచినట్టు! దృశ్యకాంతిలో అయితే ఆ కేంద్రం నుంచి వచ్చే ప్రతి లక్ష కోట్ల ఫోటాన్లలో ఒక్కటే ధూళి దాటి మనదాకా వస్తుంది, అందుకే అక్కడ రేడియో, పరారుణం, ఎక్స్ కిరణాలే దిక్కు.

కృష్ణబిలం ఎంత వేగంగా తన చుట్టూ తాను తిరుగుతోందో కూడా ఎక్స్ కిరణాలే చెబుతాయి. ఇనుము 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల (ఎక్స్ కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర ఒక సన్నని గీతను ఇస్తుంది. పదార్థం కృష్ణబిలానికి మరీ దగ్గర్లో ఉంటే ఆ వెలుతురు బయటికి ఎక్కిరావడానికి శక్తి కోల్పోతుంది, గీత తక్కువ శక్తి వైపు తోకలా సాగిపోతుంది. కృష్ణబిలం వేగంగా తిరిగే కొద్దీ పళ్లెం లోపలి అంచు ఇంకా దగ్గరికి జరగగలదు, తోక ఇంకా పొడవు అవుతుంది. ఆ తోక నిజంగా గురుత్వాకర్షణ వల్లా, లేక మధ్యలో అడ్డొచ్చిన వాయు మేఘాల వల్లా అని చాలా ఏళ్లు వాదన నడిచింది. 2013లో ఎన్‌జీసీ 1365 గెలాక్సీని ఎక్స్ఎంఎం-న్యూటన్, నుస్టార్ అనే ఎక్స్-రే స్పేస్ టెలిస్కోపులు కలిసి చూసిన ఫలితం వచ్చింది. నుస్టార్ ఎక్కువ శక్తి ఎక్స్ కిరణాలను చూడగలదు, అక్కడ మేఘాల వివరణ ఒక్కటే సరిపోలేదు. ఆ కృష్ణబిలం తిరుగుడు సాధ్యమైన గరిష్ఠంలో కనీసం 84 శాతం.

జేమ్స్ వెబ్ గురించి ఒక అపోహ తొలగించాలి. 6.5 మీటర్ల అద్దం కాబట్టి హబుల్ కంటే ఎన్నో రెట్లు పదును అనుకుంటారు. అద్దం పెద్దదే, కానీ తరంగదైర్ఘ్యం కూడా పొడవైనదే, రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర దాని పదును సుమారు 0.07 ఆర్క్ సెకన్లు, హబుల్ దృశ్యకాంతిలో చూసేదానికి దగ్గరే. వెబ్ బలం వేరే చోట ఉంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో చల్లగా కూర్చుని, ధూళి వెనక దాగిన కేంద్రాలను చూస్తుంది, చిన్న చతురస్రంలోని ప్రతి బిందువుకూ స్పెక్ట్రం ఒకేసారి తీస్తుంది. స్టిస్ ఒక గీత మీద చేసినదాన్ని ఇది ఒక వైశాల్యం మీద చేస్తోంది. ఇక్కడ ఫొటోలు చూసేవాళ్లకు పనికొచ్చే గుర్తు ఒకటి చెబుతాను: వెబ్ తీసిన గెలాక్సీ ఫొటోలో సరిగ్గా నడిమధ్య నుంచి ఆరు పెద్ద కిరణాల ముళ్లు లేచాయంటే, అక్కడ చాలా చిన్నచోటి నుంచి చాలా వెలుతురు వస్తోందన్నమాట, ఎన్‌జీసీ 7469 ఫొటోలో ఇది చక్కగా కనిపిస్తుంది. ముళ్లు టెలిస్కోప్ అద్దం, దాని కాళ్ల వల్ల వచ్చేవే, కానీ అంత స్పష్టంగా రావాలంటే వెలుగు చుక్కలా ఉండాలి. రంగులు మాత్రం మనం వేసినవి, పొడవైన తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం ఇచ్చి కలుపుతాం.

వెబ్‌తో వచ్చిన పెద్ద కలకలం తొలినాటి కృష్ణబిలాలు. విశ్వం పుట్టి 50 కోట్ల ఏళ్లు కూడా కాకముందటి గెలాక్సీల్లో లక్షల, కోట్ల సూర్యులంత కృష్ణబిలాలు కనిపిస్తున్నాయి. యూహెచ్‌జడ్1 అనేదాన్ని వెబ్, చంద్ర కలిసి చూశాయి, ముందున్న గెలాక్సీల గుంపు దాని వెలుగును పెద్దది చేసి చూపడం కలిసొచ్చింది. జీఎన్-జడ్11లో దాదాపు 16 లక్షల సూర్యులంత ఉందంటున్నారు. ఇంత త్వరగా ఇంత ఎలా పెరిగాయి, చిన్న నక్షత్రాల శవాల నుంచి మొదలయ్యాయా, లేక వాయు మేఘాలే నేరుగా కూలి పెద్ద విత్తనాలు అయ్యాయా అన్నది నిజంగా గొప్ప ప్రశ్న. కానీ వార్తల్లో "సిద్ధాంతాలు తలకిందులు" అని చదివినప్పుడు పైన చెప్పిన రెండో అంకెను అడగండి. అంత దూరంలో కక్ష్యలు కొలవడం దాదాపు ఎక్కడా కుదరదు. గీత ఎంత వెడల్పుగా ఉంది (వాయువు వేగాలు ఎక్కువైతే గీత వెడల్పవుతుంది), ఎంత వెలుగుతోంది అన్నది చూసి, మన దగ్గరి గెలాక్సీల్లో సరిపోయిన సూత్రాన్నే అక్కడా వాడుతున్నారు. ఆ సూత్రం దగ్గరివాటిలోనే రెండు మూడు రెట్లు అటూ ఇటూ అవుతుంది. వెబ్ ఫొటోల్లో కనిపించి, చిన్న ఎర్ర చుక్కలు అని పేరుపడ్డ వస్తువుల్లో వెడల్పాటి హైడ్రోజన్ గీతలు ఉన్నాయి, ఎక్స్ కిరణాలు మాత్రం ఆశించినంత రావడం లేదు. వాటి చుట్టూ దట్టమైన వాయువు ఉండి గీతలను ఇంకా వెడల్పు చేస్తుంటే ద్రవ్యరాశులు తగ్గిపోతాయి. నా అంచనా, కృష్ణబిలాలు అక్కడ ఉన్నాయి, అంకెలు కొన్ని మాత్రం కిందికి దిగుతాయి.

చివరగా, మీరే చూడొచ్చా అని కూడా అడిగారు. చూడొచ్చు. హబుల్, వెబ్ డేటా మాస్ట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉంటుంది, చంద్రకు విడిగా ఆర్కైవ్ ఉంది, ఎక్కువ భాగం తీసినవాళ్లకు కేటాయించిన గడువు, మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది, ముగియగానే అందరికీ ఉచితం. చూడడానికి డీఎస్9 అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. మాస్ట్‌లో ఎం84 పేరు కొట్టి, స్టిస్ డేటాను ఎంచుకుని, హైడ్రోజన్ ఎర్ర గీత ఉన్న స్పెక్ట్రాన్ని తెరవండి. ఆ గీతకు రెండు పక్కలా నైట్రోజన్ గీతలు ఉంటాయి, కేంద్రం దగ్గర మూడూ కలిసిపోతాయి, కాబట్టి మొదట కేంద్రానికి కాస్త పక్కన విడివిడిగా కనిపించే చోట గుర్తుపట్టి, అక్కడి నుంచి మెల్లగా లోపలికి రండి. వంపు కనిపించాక ఎం87 స్టిస్ డేటాను తెరిచి పక్కన పెట్టుకోండి. అక్కడ కేంద్రం దగ్గర గీతలు ఎంత వెడల్పెక్కి ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయో చూస్తే, వాయువు వేగాన్ని చదవడం ఎంత కష్టమో, 350 కోట్లకూ 660 కోట్లకూ మధ్య అంత తేడాకు చోటు ఎక్కడ దొరికిందో మీకే కనిపిస్తుంది.